అచ్చులోకి రాని గడి

"నిన్ను మీయమ్మ పారేసి పొయ్యిందిరా" అనే మాట ఓబయ్య మొదటిసారి విన్నది అయిదో యేట. అన్నది పరాయి మనిషి కాదు, మేనమామ పెళ్ళాం. నోట్లో పెట్టుకున్న ముద్ద గొంతు దిగేదాకా కూడా ఆగకుండా అనేసింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో చెంబు పోయినా, కుండ పగిలినా, మేక పక్కవాళ్ళ చేలో పడినా అదే మాట. కన్నతల్లే వద్దనుకున్న బిడ్డను ఇంకొకరు ఎందుకు కావాలనుకోవాలి? పూతలపట్టులో అందరికీ ఆ మాట న్యాయంగానే తోచింది.

జరిగింది చూస్తే ఇంతే. అది 1910. మొగుడు విషజ్వరంతో పోయిన మరుసటి ఏడు ఓబయ్య తల్లి తాయమ్మ బిడ్డను చంకనేసుకుని, తిరుపతి కొండకని పూతలపట్టు నుంచి నడిచి బయలుదేరింది. దారిలో తలపాగా, గొడుగు ఉన్న పెద్దమనిషి ఒకడు తగిలాడు. రెండు పూటలు కూడు పెట్టించాడు. మెత్తగా మాట్లాడాడు. అలిపిరిలో పాదాల మండపం దగ్గర బిడ్డను కూర్చోబెట్టి, "మూట సూసుకుంటా ఉండు నాయనా, నీళ్ళు తెస్తా" అని చెప్పి ఆమె ఆ పెద్దమనిషి వెంట పోయింది. పోయిన మనిషి మళ్ళీ రాలేదు.

పిల్లవాడు మూట చూసుకుంటూ మూడు రోజులు కూర్చున్నాడు. స్వామికి పెద్ద పెద్ద చెప్పులు కుట్టి ఆ మండపానికి తెచ్చే కుటుంబాలవాళ్ళు అతనికి ఇంత తినపెట్టారు. నాలుగో రోజు కబురు అందుకుని మేనమామ వచ్చి తీసుకుపోయాడు.

అయిదేళ్ళ తర్వాత ఆ మాటకు సాక్ష్యం కూడా దొరికింది. దక్షిణాఫ్రికాలో నేటాలు చెరకు తోటల్లో కూలి చేసి తిరిగొచ్చిన పక్క ఊరివాడొకడు, ఓడ ఎక్కకముందు, కూలీలను పోగేసి ఉంచే మద్రాసు డిపోలో తాయమ్మను చూశానన్నాడు. వంట పొయ్యి దగ్గర కూర్చుని ఉందట. ఆమె ఎక్కింది వేరే ఓడ కాబట్టి అంతకుమించి తెలియదన్నాడు. ఏడుస్తోందా అని ఎవరూ అడగలేదు. "సూస్తివా, కులాసాగా వంట చేసుకుంటా ఉండింది" అని మేనమామ పెళ్ళాం ఆ ముచ్చటను మరో అయిదేళ్ళు వాడుకుంది.

పదిహేనో యేట ఓబయ్య ఆ ఇల్లు వదిలి నేరుగా అలిపిరికి వచ్చేశాడు. అక్కడికే ఎందుకని అడిగితే చెప్పలేడు. తెలిసిన చోటు అదొక్కటే. కాలినడకన కొండెక్కేవాళ్ళు విప్పిన చెప్పులకు కాపలా కాయడం మొదలుపెట్టాడు. నంబరు బిళ్ళలు లేవు, చీటీలు లేవు. జత చెప్పులను కొబ్బరి పీచుతో కలిపి కట్టి, మనిషి మొహం ఒకసారి చూసి, బండ పక్కన పెడతాడు. మర్నాడు గుండుతో, నామాలతో దిగొచ్చినా గుర్తుపట్టి ఎవరి జత వాళ్ళ ముందు పెడతాడు. ఎంత ఇస్తే అంత. మధ్యలో పోలేరమ్మ అనే ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. ఒకసారి పోట్లాటలో ఆమె నోటి నుంచి కూడా ఆ పాత మాటే జారింది. నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె కలరాతో పోయినప్పుడు ఆ నెల రోజులు గుర్తొచ్చి తలకాయ బండకేసి కొట్టుకున్నాడు. పిల్లలు కలగలేదు.

ఈ కథంతా, ఓబయ్య ముసలివాడయ్యాక, దేవరాజులుకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. దేవరాజులు తిరుపతిలో వరదయ్య ప్రెస్సులో అచ్చు అక్షరాలు కూర్చే కంపోజిటరు. ఇరవై ఆరేళ్ళు. బడి మొహం చూసింది రెండేళ్ళే. అక్షరాలు సీసపు టైపుల మీద తిరగేసి ఉన్నప్పుడే నేర్చుకున్నాడు, ఆ తర్వాతే కాగితం మీద తిన్నగా చదవడం వచ్చింది. దొరికిన ప్రతి కాగితం చదివేవాడు. చదివేకొద్దీ అతనికి లోకం మీద కోపం పెరిగింది. పెద్దవాళ్ళ పెళ్ళిపత్రికలు, పెద్దవాళ్ళ సన్మానపత్రాలు, ఆ పెద్దవాళ్ళే పోతే కర్మ కార్డులు — అన్నీ తన వేళ్ళ మీదుగా పోవలసిందే, ఆ వేళ్ళకు మసి తప్ప ఏమీ మిగలదు. అలిపిరి దారిలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాడు. పొద్దున ప్రెస్సుకు పోయే ముందు ఓబయ్య బండ మీద కూర్చుని, చెప్పులు చుట్టిన పాత పేపర్లు విప్పి చదివేవాడు.

"ఏముండాదప్పా దాంట్లో?" అని ఓబయ్య అడిగేవాడు.

"ధరలు పెరిగినాయంట."

"అది సదవాల్నా? నన్నడిగితే నేనే సెప్పేవాణ్ణి గదా."

1979లో మద్రాసు కమిటీ ఒకటి చంద్రగిరి రోడ్డులో కర్ర ఓడ కట్టించింది. సముద్రం దాటి కూలికి పోయిన మన జిల్లా వాళ్ళ చరిత్ర చూపించడానికట. యాభై మైళ్ళ లోపల సముద్రం లేని ఊళ్ళో మూడు స్తంభాల తెరచాప ఓడ లేచింది. కట్టింది గుళ్ళకు తేర్లు చేసే వడ్రంగులు. ఓడ ముక్కున కూడా తేరుకు చెక్కినట్టే తామరపూలు చెక్కారు. వాటిని తీసెయ్యమని చెప్పడానికి కమిటీ వాళ్ళకు నోరు రాలేదు.

గోడకు అంటించే పేర్ల జాబితా వరదయ్య ప్రెస్సుకు వచ్చింది. పాత ఓడ దస్తరం నుంచి ఎవరో గుమాస్తా తెలుగులోకి దింపి చేత్తో రాసిన కాగితాలు అవి. రెండు వందల పద్నాలుగు పేర్లు. దేవరాజులు మొదటి పేజీ చూసి, వాటిని తెచ్చిన కమిటీ మనిషితో అన్నాడు:

"సార్, ఈళ్ళు పోయింది పొగ ఓడలో అని రాసుండారే. తెరచాపలు కట్టినారేమి?"

"పొగ ఓడకి టికెట్టు ఎవడు కొంటాడబ్బా?" అన్నాడు ఆ మనిషి.

జాబితాలో అయిదు గడులు: పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు, ఆఖరి గడిలో ఆనవాళ్ళూ ఇతర వివరాలూ కలిపి. దేవరాజులు పని మొదలుపెట్టిన రెండో రోజే 'ము' అక్షరం అయిపోయింది. ఈ సీమలో మునీశ్వరుడి పేరు లేని ఇల్లు ఎక్కడుంది? మునస్వామి, తండ్రి మునెప్ప. మునెమ్మ, తండ్రి మునిరత్నం. ఒక్కో వరుసకు రెండేసి 'ము'లు. ఆఖరి గడిలోకి వస్తే మళ్ళీ ముక్కు మీద మచ్చ, ముంజేతి మీద పచ్చబొట్టు. అక్షరాల కేసులో ఉన్న సీసపు 'ము'లు నూట ఇరవై. పెళ్ళిపత్రికల టైపులోంచి అరువు తెచ్చినా చాలలేదు.

వరదయ్య ముక్కుపొడి పీల్చి, కాగితాల వైపు చూసి, "ఆఖరి గడి ఎత్తెయ్ రా" అన్నాడు.

"కమిటీ వాళ్ళు అడిగితే?"

"పేర్లుంటే సాలదా? ఎప్పుడో సచ్చినోళ్ళ మచ్చలు ఎవడు సూస్తాడు? ఎల్లుండి మంత్రి వస్తాడంట, నీకు తెలవదా?"

దేవరాజులుకు నిజానికి ప్రాణం లేచొచ్చింది. ఎత్తేశాడు. మిగిలిన రెండు రోజుల పని రోజున్నరలో తేలింది. కమిటీ వాళ్ళు ప్రూఫు చూసి, గడి పోయిందని గమనించకుండానే సరేనన్నారు.

ఓడ తెరిచిన వారానికి, ఓబయ్య పక్కన టెంకాయలు అమ్మే వసంతమ్మ చేతికి దాని కరపత్రం వచ్చింది. దాన్ని దేవరాజులు చేతే చదివించుకుంది. నేటాలుకు పోయినవాళ్ళ పేర్లు ఓడ లోపల గోడకు అంటించారని అందులో ఉంది.

ఓబయ్య చేతిలో కొబ్బరి పీచు అట్లాగే ఆగిపోయింది.

"తాయమ్మ అని ఉంటాదా దాంట్లో?"

"ఎవురు తాతా?"

"మాయమ్మ."

ఆ పేరు దేవరాజులు వినడం అదే మొదటిసారి. అంతకు ముందు ఎప్పుడు చెప్పినా 'మాయమ్మ' అనే చెప్పాడు ముసలాయన. ఆ పేరు తన చేతుల మీదుగా పోయిందో లేదో దేవరాజులుకు గుర్తు లేదు. కంపోజిటరు అక్షరాలు చూస్తాడు, పేర్లు చూడడు.

బుధవారం పొద్దున దేవరాజులు వెంట ఓడ దగ్గరికి పోవడానికి ఓబయ్య ఉతికిన పంచె కట్టాడు. అరవై ఏళ్ళలో పోలేరమ్మ పోయిన రోజు తప్ప ఆయన ఆ బండ వదిలింది లేదు. చెప్పులు వసంతమ్మకు అప్పజెప్పాడు.

"ఏమి తాతా, పెండ్లిచూపులకా?" అంది వసంతమ్మ.

"నీ టెంకాయలు కుళ్ళిపోకుండా సూసుకో పో. జతలు మార్చినావంటే వచ్చి తంతా."

"పొయ్యి రా సామీ. నీ చెప్పులు ఎవురెత్తుకుని పోతారు? దొంగలు గూడా వాసన సూసి ఎగబడరు."

ఓడ దగ్గర నిచ్చెన కింద చెప్పుల కుప్ప ఉంది. చెప్పులు విప్పమని ఎవరూ అనలేదు. తేరు చేసినవాళ్ళు చేసిన ఓడ, ముందు మామిడాకులు కట్టి ఉన్నాయి, జనం తమంతట తామే విప్పి ఎక్కుతున్నారు. కొందరు కొయ్యకు కుంకుమ కూడా పెట్టారు. ఒకామె తాడు పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఓబయ్య ఆ కుప్పను చూసి ఆగిపోయాడు. "జతలు కలిపి పెట్టకుంటే ఎట్లబ్బా" అని వంగి నాలుగు జతలు సర్ది, దేవరాజులు చెయ్యి పట్టి లాగితే గానీ పైకి రాలేదు.

లోపల కుప్పుస్వామి అనే మనిషి కర్ర పట్టుకుని చూపిస్తున్నాడు. వేలూరు నుంచి వచ్చినవాడు, కంఠతా పట్టిన మాటలు గడగడా చెప్పేస్తున్నాడు.

"తల తగుల్తాది, వంగి దిగండప్పా. ఇదే కింది అంతస్తు. మనిషికి ఆరడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు. లేచి నిలబడేదానికి లేదు. నలభై దినాలు ఈడనే తినేది, ఈడనే పండుకునేది."

ఓబయ్య పడుకునే కొయ్య పలక ఒకదాని మీద చెయ్యి పెట్టి చూశాడు. మెల్లగా ఎక్కి వెల్లకిలా పడుకున్నాడు.

"ఏయ్ పెద్దాయనా, ముట్టకూడదు! దిగు, దిగు!"

ఓబయ్య దిగలేదు. పక్కన చేత్తో తడుముతూ అడిగాడు. "ఈడ బిడ్డకి జాగా యాడ, సామీ?"

"పిల్లకాయలకి సగం జాగా. అదో, ఆ చిన్న పలక. లెక్క ఉండాదిలే. ఒక్కో ఓడకి ముప్పై నలభై మంది పిల్లకాయలు పోయినారు."

దేవరాజులు ముసలాయన మొహం చూసి తల తిప్పుకున్నాడు. డెబ్బై ఏళ్ళు ఆయన తనకు తాను ఒకటే చెప్పుకున్నాడు: ఓడలోకి బిడ్డల్ని రానివ్వరు, అందుకే వదిలిపెట్టింది, వేరే దారి లేకపోయింది. ఇప్పుడు ఈ కర్ర పట్టుకున్నవాడు, పాపం, ఏమీ తెలియకుండా, ఆ ఒక్క మాటనూ ఊడబెరికేశాడు.

"బిడ్డల్ని తీసుకోని పోవచ్చునా?" అని ఓబయ్య మళ్ళీ అడిగాడు.

"పోకేమి! వాళ్ళకి వేరే కూడు గూడా ఉండింది" అన్నాడు కుప్పుస్వామి.

ఓబయ్య పలక దిగాడు. "పేర్లు సూడప్పా" అన్నాడు.

గోడకు అంటించిన మూడు పెద్ద కాగితాలు. దేవరాజులు వేలు పెట్టి పైనుంచి చదువుకుంటూ వచ్చాడు. నూట డెబ్బై మూడో వరుస.

"తాయమ్మ. తండ్రి పేరు ఓబయ్య. ఊరు పూతలపట్టు. వయసు ఇరవై రెండు."

"మా తాత పేరే నాకు పెట్టింది" అన్నాడు ఓబయ్య. తర్వాత చాలాసేపు ఆ కాగితాన్నే చూస్తూ నిలబడ్డాడు, చదవడం వచ్చినవాడిలాగా. "ఇంగేముండాది?"

"అంతే తాతా."

"బిడ్డ సంగతి?"

"అంతేనే రాసుండేది."

"పక్కన తెల్లంగ ఉండాదే. ఆడ ఏమీ ల్యాదా?"

కాగితం కుడిపక్క నాలుగు వేళ్ళ వెడల్పు ఖాళీ ఉంది. ఆఖరి గడి ఎత్తేశాక మిగిలిన జాగా అది. వెనకనుంచి ఎవరో గట్టిగా ఒక చరుపు చరిచినట్టయింది దేవరాజులుకు. అక్కడ అబద్ధం చెప్పేసి ఉంటే అయిపోయేది. కానీ అతనికి కోపం ఎక్కువ, ఆ కోపం తన మీదికి తిరిగినప్పుడు నోరు ఆగదు. అన్నీ చెప్పేశాడు. 'ము' అయిపోవడం, వరదయ్య మాట, తాను ఎత్తెయ్యడం.

ఓబయ్య అంతా విన్నాడు. "అంటే, రాసుండిందా?"

"ప్రతి వరసకీ ఏదో ఒకటి రాసుండింది తాతా. మచ్చలు, ఎవురితో వచ్చిందీ, బిడ్డలు ఉండారా ల్యాదా..."

"మాయమ్మకి ఏమి రాసుండింది?"

దేవరాజులు కళ్ళు మూసుకుని గుర్తు చేసుకోవాలని చూశాడు. ఎవరో ఆడమనిషి వరుసలో ఆఖరి గడి పొడుగ్గా రెండు లైన్లుందని, అది కూర్చే పని తప్పినందుకు సంతోషించానని మాత్రం గుర్తుంది. ఆ ఆడమనిషి ఎవరో గుర్తు లేదు. ఆ రెండు లైన్లలో ఏముందో అసలే లేదు.

"సూడలేదు తాతా."

"సూడకుండా ఎట్ల కట్టినావప్పా?" అన్నాడు ఓబయ్య. తిట్టినట్టు కాదు. నిజంగానే తెలియక అడిగాడు.

ఆ సాయంత్రమే దేవరాజులు ప్రెస్సులో కాగితాల గుట్టలన్నీ తిరగేశాడు.

"ఏమి తవ్వతా ఉండావురా పందికొక్కు మాదిరి?" అన్నాడు వరదయ్య.

"ఓడ పేర్ల చేతిరాత కాగితాలు అయ్యా."

"అవా? మంత్రి సన్మానపత్రం టైపు మసి తుడిసింది వాటితోనే గదా. నువ్వే గదరా తుడిసింది."

నిజమే. కిరసనాయిల్లో ముంచి టైపు మీద మసి తుడిచి బయట పారేసింది తన చేతులే. మద్రాసు కమిటీకి ఉత్తరం రాశాడు. రెండు నెలలకు ఒక కార్డు వచ్చింది. దస్తరం చూసి రాసిన గుమాస్తా పని మానేశాడు, చిత్తుప్రతి తమ వద్ద లేదు, అసలు దస్తరం సముద్రం అవతల ఉంది, మీ అభిమానానికి కృతజ్ఞతలు. అక్కడికి రాయడానికి ఎవరికి రాయాలో, ఏ భాషలో రాయాలో దేవరాజులుకు తెలియలేదు. కమిటీని మళ్ళీ అడిగాడు. జవాబు రాలేదు.

ఓబయ్య మాత్రం బండ దగ్గరే ఉన్నాడు. చెప్పులు కట్టడం మామూలే. అయితే ఇప్పుడు ఒక్కోసారి జతలు మారిపోతున్నాయి. ఒక రోజు ఒక సేలం ఆసామికి రెండూ ఎడమకాలివి ఇచ్చి తిట్లు తిన్నాడు. ఆసామి పోయాక, "మొగాలు గుర్తుండేది ల్యాదప్పా. ఆ గడే కండ్లముందర ఉండాది" అన్నాడు. రోజూ పొద్దున దేవరాజులు వచ్చి కూర్చోగానే అడిగేవాడు. "ఏమన్నా గుర్తొచ్చిందా?" దేవరాజులు లేదనేవాడు. కొన్నాళ్ళకు ఆ దారిన పోవడం తగ్గించాడు. ఇంకో సందులోంచి ప్రెస్సుకు పోయేవాడు.

కార్తీకంలో అతనికి వేలూరులో ఒక ప్రెస్సులో పని దొరికింది. పోయే ముందురోజు మధ్యాహ్నం అలిపిరికి వెళ్ళాడు. ఆ తర్వాత అతను మళ్ళీ అక్కడికి వచ్చేసరికి బండ దగ్గర నంబరు బిళ్ళలతో వేరే మనిషి కూర్చుని ఉన్నాడు. కాబట్టి ఓబయ్యను చూసింది అదే ఆఖరు.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టి సన్నగా వాన పడుతోంది. ఓబయ్య గోనెసంచి కప్పుకుని, చెప్పుల మీద టార్పాలిన్ సర్దుతున్నాడు. చిక్కిపోయాడు. దేవరాజులును చూసి అడగలేదు. అడగడం మానేశాడని వసంతమ్మ అంతకుముందే చెప్పింది.

దేవరాజులు బండ మీద కూర్చుని, వానలోకి చూస్తూ, "తాతా, గుర్తొచ్చింది" అన్నాడు.

ఓబయ్య చేతులు ఆగాయి.

"రాత్రి గుర్తొచ్చింది. రెండు లైన్లు రాసుండింది. 'ఎడమ ముంజేతి మీద పచ్చబొట్టు. అలిపిరిలో అయిదేండ్ల బిడ్డ ఉన్నాడని, తనను వెనక్కి పంపమని ఏడుస్తున్నది. డిపో అధికారి ఒప్పుకోలేదు.' అట్లా ఉండింది."

కొండ మెట్ల మీదినుంచి గోవిందా అంటూ ఒక గుంపు దిగివస్తోంది. ఓబయ్య వాళ్ళను చూసి, ఆరు జతలు తీసి, ఎవరివి వాళ్ళ ముందు పెట్టాడు. ఒక్కటి కూడా మారలేదు. వాళ్ళు ఇచ్చిన చిల్లర చూడకుండానే రొంటిన దోపుకుని తిరిగొచ్చి, గోనెసంచి సర్దుకుని కూర్చున్నాడు. దేవరాజులు లేచి నిలబడ్డాక అప్పుడన్నాడు.

"మాయమ్మకి పచ్చబొట్టు ల్యాదప్పా. ఎడమ చేతి మీద గంజి పడి కాలిన మచ్చ ఉండింది. అది నాకు బాగా తెలుసు, దాని మీదనే తలకాయ పెట్టుకోని పండుకునేవాణ్ణి. పోనీ లే. బిడ్డ సంగతి బాగుండాది. మళ్ళా వచ్చినప్పుడు ఇంకోతూరి సెప్పు. పచ్చబొట్టు మాత్రం తీసెయ్."